అసైన్‌మెంట్ తేదీలు మర్చిపోకుండా ఏ యాప్ వాడుతున్నారు?

ప్రశ్న: విజయనగరంలో బీటెక్ రెండో ఏడాది, రోజూ చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చి వెళ్తాను. అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, మిడ్ సిలబస్ అన్నీ క్లాసు వాట్సాప్ గ్రూపులోనే పెడతారు, సాయంత్రానికి అవి 200 మెసేజ్‌ల కింద పడిపోతాయి. పోయిన వారం ఒక రికార్డు గడువు దాటిపోయి మార్కులు పోయాయి, చాలా బాధేసింది. మీరేం చేస్తున్నారు?

జవాబు: తమ్ముడూ, నాలుగు యాప్‌లు పెట్టుకుంటే ఏదీ చూడవు. గూగుల్ క్యాలెండర్ ఒక్కటి చాలు. మెసేజ్ చూసిన వెంటనే తేదీ ఎక్కించు, రెండు రోజుల ముందు ఒకటి, ముందురోజు రాత్రి ఒకటి నోటిఫికేషన్ పెట్టు. టైంటేబుల్ అయితే వారం వారం రిపీట్ అయ్యేలా ఒక్కసారి పెడితే సరిపోతుంది. శ్రీకాకుళంలో డిగ్రీ మూడేళ్లూ నేను ఇలాగే నెట్టుకొచ్చాను.

జవాబు: దారిలో సిగ్నల్ పోతుంది కదా, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న నోట్సు ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్‌కి పెట్టుకోండి. బోర్డు ఫొటోలు సబ్జెక్టువారీగా ఫోల్డర్లలో వేసి, సెమిస్టరు అయ్యాక తీసేయండి, ఎందుకంటే ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపే.

జవాబు: వాట్సాప్‌లో ఆ మెసేజ్‌ని నొక్కి పట్టి స్టార్ పెట్టినా మళ్లీ సులువుగా దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, మిడ్ తేదీలు ఇప్పుడే ఎక్కించాను. కొంచెం టెన్షన్ తగ్గింది.