సమస్య: ప్రాణమును బీల్చు లోహమే ప్రాణమిచ్చె

ఇచ్చిన ఈ పాదం చివర వచ్చేలా, ముందు మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయడమే పూరణ. ఛందస్సు తేటగీతి. సందర్భం, పాత్రలు ధరించి ఆడే ఒక ఊహాలోకపు ఆట. అందులో ఒక నల్లని లోహం ఉంది. తాకిన ప్రతి జీవి నుంచీ అది ఆయువును లాగేసుకుంటుంది. చేతికి తొడుగు లేకుండా పట్టుకున్నవాడు గడియ గడియకూ నీరసిస్తాడు. అలాంటిది ప్రాణం ఎలా పోసింది? ఆ ముడి విప్పాలి. ఆటను దాటి బయటికి వెళ్లినా అభ్యంతరం లేదు.

మొదటి పూరణ

నల్ల లోహపు ఖడ్గమ్ము నాటినపుడు
వైరి యాయువు ధారయై చెంతఁ జేరె
పడిన వీరుని మేనిలో బలము నింపి
ప్రాణమును బీల్చు లోహమే ప్రాణమిచ్చె

పరిశీలన: ధార బాగుంది. రెండో పాదంలో మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక చోట జత కుదరడం) తప్పింది, ‘వై’కి ‘చెం’ చెల్లదు. ‘ధారయై వచ్చి చేరె’ అంటే సరిపోతుంది, అర్థమూ చెడదు. నా అసలు అసంతృప్తి వేరే. ఇక్కడ కత్తి పట్టినవాడికి అంతా లాభమే. శత్రువు ఆయువు వచ్చి చేరింది, తనది చుక్క కూడా పోలేదు. పట్టిన చేతిని వదిలిపెట్టే లోహానికి ఎవరు భయపడతారు? సమస్యలోని ‘పీల్చు’ అందరికీ వర్తించాలి.

కవి: యతి సవరణ స్వీకరించాను. రెండోది నిజమే, శత్రువు వైపు నుంచే చూశాను.

రెండో పూరణ

విషము చేసెడి పని యేది? వీరుఁ డెత్తు
కత్తి కాధారమేమిటి? గాయపడిన
సఖుని కౌషధమేమిచ్చె? సరిగఁ దెలుపు
ప్రాణమును బీల్చు, లోహమే, ప్రాణమిచ్చె

పరిశీలన: క్రమాలంకారం. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు వరుసగా కుదిరాయి. అవధానాల్లో చప్పట్లు పడే పద్ధతి ఇది. ‘సరిగఁ దెలుపు’ పాదం నింపడానికి వచ్చిన మాట. పైగా విరోధాన్ని మూడు ముక్కలు చేయడంతో లోహంలోని భయం పోయింది.

మూడో పూరణ

రేడియమ్మెముకలఁ జేరి రేయిఁబవలు
కాల్చి చంపెడి యా వెల్గు కణితిఁ గూల్చెఁ
గొలత తప్పక వైద్యుండు గూర్చినపుడు
ప్రాణమును బీల్చు లోహమే ప్రాణమిచ్చె

పరిశీలన: ఆటలోని నల్ల లోహానికి నిజలోకంలో ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. క్యూరీ దంపతులు 1898లో రేడియంను కనుగొన్నారు. తర్వాత చీకట్లో మెరిసే గడియారాల ముఖాలకు రేడియం కలిపిన రంగు పూసే యువతులు కుంచె మొన సన్నబడాలని పెదవులతో తడిపేవారు. రేడియం గుణంలో కాల్షియంను పోలి ఉంటుంది. అందుకే శరీరం దాన్ని ఎముకల్లోకి చేర్చుకుంటుంది. వాళ్లలో పలువురి దవడ ఎముకలు లోలోపలే శిథిలమయ్యాయి. రేడియం-226 సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. ఆ ఎముకలు సమాధిలోనూ కిరణాలు చిమ్ముతూనే ఉంటాయి.

ఎముకను వెతుక్కుంటూ వెళ్లే ఆ గుణాన్నే ఇప్పుడు వైద్యులు వాడుకుంటున్నారు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియంలోనే మరో రకమైన రేడియం-223 ఇస్తారు. అమెరికాలో 2013లో దానికి అనుమతి వచ్చింది. ‘ఎముకలఁ జేరి’ అని మొదలుపెట్టిన కవి తెలిసే రాశారో, గణాల (పాదంలోని అక్షరాల లెక్క) కోసం రాశారో గానీ చంపే గుణమూ కాచే గుణమూ ఒకటేనని ఆ మాటే పట్టిచ్చింది. ‘వైద్యుండు గూర్చి’లో గసడదవాదేశం (ముందు మాటను బట్టి ‘కూర్చి’ ‘గూర్చి’ కావడం) కూడా శుద్ధంగా ఉంది.

నాలుగో పూరణ

చావు బతుకుల నడుమను జారు సఖుని
గుండెపై నొక్క కొస మోపి కోరి తాను
పిడికిటను రెండవ కొసను బిగియఁబట్టె
ప్రాణమును బీల్చు లోహమే ప్రాణమిచ్చె

పరిశీలన: మొదటి పూరణలో నేను వెతికింది ఇక్కడ దొరికింది. లోహం తన స్వభావం మార్చుకోలేదు. పీల్చింది, అటు పంపింది, అంతే. ఇచ్చినవాడు మనిషి. ‘కోరి’ అన్న రెండక్షరాలే పద్యాన్ని మోస్తున్నాయి. ‘బిగియఁబట్టె’ దగ్గర వాక్యం ముగిసింది కనుక తర్వాత సరళాదేశం (‘ప్రాణము’లోని ‘ప’ ‘బ’గా మారడం) లేకపోవడం దోషం కాదు. ‘నడుమను’లో చివరి ‘ను’ గణం కోసం వచ్చింది. ‘చావు బతుకుల సందున’ అంటే ఇంకా ఇరుకుగా, భయంగా ఉంటుంది.

మరో సభ్యుని ప్రశ్న: పట్టినవాడు బతికాడా?

కవి: ‘సందున’ తీసుకుంటున్నాను. పిడికిలి ఎప్పుడు సడలిందో ఒక పాదంలో రాసి, మళ్లీ కొట్టేశాను. అతను పట్టుకున్న చోటే పద్యాన్ని వదిలేశాను.