వంకర నాలుగు మూలల గ్రానైట్ ముక్కలు వరండాకి కలుస్తాయా?

ప్రశ్న (టెక్కలి దగ్గర పల్లె): వరండా 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. కటింగ్ యార్డులో నీలి గ్రానైట్ ముక్కలు చౌకగా దొరికాయి. అన్నీ ఒకే కొలత. కానీ ఏ రెండు భుజాలూ సమానం కావు, ఒక్క మూలా మూలమట్టానికి రాదు. మేస్త్రి “ఇవి కలవవు బాబూ, మధ్యన కంతలుండిపోతాయి” అంటున్నాడు. వెనక్కి ఇచ్చీమంటారా?

జవాబు (విజయనగరం): సమబాహు త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. ఈ మూడే ఖాళీ లేకుండా కలుస్తాయని చదువుకున్నాం. ఇచ్చేయడమే మంచిది.

జవాబు (లెక్కల టీచరు, పలాస): ఇవ్వకండి! ఆ మూడు అన్నది భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండే ఆకారాలకే. నాలుగు భుజాలుంటే ఎంత వంకరదైనా నేలంతా కప్పేస్తుంది, ఒక మూల లోపలికి నొక్కుకుపోయినా సరే. దాని నాలుగు కోణాలు కలిపితే 360 డిగ్రీలు. ఒక బిందువు చుట్టూ ఉండేదీ అంతే. కాబట్టి నాలుగు వేర్వేరు మూలలు ఒకచోట చేరితే చాలు.

సుద్దముక్కతో ప్రతి ముక్క మీదా మూలలకి వరసగా, ఒకే దిక్కున తిరుగుతూ 1, 2, 3, 4 రాయండి. పక్క ముక్కని సగం చుట్టు తిప్పి, అదే భుజానికి అదే భుజం ఆనించండి. అప్పుడు 1 పక్కన 2, 2 పక్కన 1 వస్తాయి. బోర్లా తిప్పే పనే లేదు. పాలిష్ ఒక వైపే ఉండే రాయికి ఇది పెద్ద మేలు.

ప్రశ్న అడిగినవారు: ఎనిమిది ముక్కలు సిమెంటు లేకుండా పేర్చి చూశాం, కలిశాయి! ఒక్కచోట మాత్రం రెండు 1లు పక్కపక్కన వచ్చి సందు పడింది.

టీచరు: ఇంచుమించు అదే పొడవున్న వేరే భుజం ఆనించి ఉంటారు. ప్రతి కూడలిలో 1, 2, 3, 4 ఒక్కోసారే ఉండాలి.

ఇంకొకరు (బొబ్బిలి): మా పాప అట్టతో భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండే పంచభుజాలు కోసింది, అవి కలవలేదు. ఎందుకు?

టీచరు: దాని కోణం 108. మూడు చేరితే 324, ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. చతురస్రం మీద కప్పు పెట్టిన ఇల్లులాంటి పంచభుజి కోయమనండి, కలుస్తుంది. నొక్కులు లేని పంచభుజాల్లో నేల కప్పేవి 15 రకాలు. వాటిలో నాలుగింటిని 1970ల్లో మార్జొరీ రైస్ అనే అమెరికా గృహిణి ఇంట్లో కూర్చుని కనిపెట్టారు. పాపకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

టెక్కలి వారికి ఇంకో మాట: గోడ వార ముక్కలు కోయక తప్పదు, కొన్ని ఎక్కువే తెచ్చుకోండి.