పుట్టబోయే బిడ్డకు గ్యాస్ట్రోస్కైసిస్ అన్నారు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా చెల్లికి తొలి కాన్పు. ఉండేది ఒంగోలు దగ్గర. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో బిడ్డ బొడ్డుకు కుడి పక్కన కంత ఉందని, అందులోంచి పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతున్నాయని తేలింది. పేగుల పైన పొర లేదు, దీన్నే గ్యాస్ట్రోస్కైసిస్ అంటారట. పొర ఉంటే అది ఆంఫలోసీల్ అట, దాంతో గుండె, క్రోమోజోమ్ సమస్యలు ఎక్కువట. మాది అది కాదన్నారు, అదొక్కటే ఊరట. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం గ్రహణం నాడు బయట తిరిగిందని ఒకటే సణుగుడు.

పుట్టగానే పేగులను సైలో అనే సంచిలో ఉంచి, కొన్ని రోజుల్లో మెల్లగా లోపలికి పంపి కంత మూస్తారట. అందుకే పిల్లల సర్జన్, ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్నచోటే కాన్పు కావాలి. గుంటూరా, హైదరాబాదా తేల్చుకోలేకపోతున్నాం.

ఈ ఆపరేషన్ చేయించినవాళ్లు చెప్పండి: పాలు పట్టడానికి ఎన్నాళ్లు పట్టింది? అప్పటిదాకా తల్లిపాలు పిండి దాచారా? డాక్టరు నార్మల్ డెలివరీ చాలంటున్నారు, అత్తగారు సిజేరియనే అంటున్నారు, మీకేది చేశారు? ఆరోగ్యశ్రీలో ఖర్చు ఎంతవరకు వచ్చింది? నెలలు నిండకుండా దారిలోనే నొప్పులొస్తే ఏం చేయాలన్నది అన్నిటికన్నా పెద్ద టెన్షన్.