పేరు మారిన ఓడని ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: ఆరేళ్లుగా విశాఖ ఆర్కే బీచ్ నుంచి సరుకు ఓడల ఫొటోలు తీసి మా సైట్లో పెడుతున్నాను. నిన్న ఒక సభ్యుడు పంపిన ఓడని ఎక్కడో చూసినట్టుంది, పేరు మాత్రం కొత్తది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: పేరు, జెండా, యజమాని మారినా ఐఎంఓ నంబర్ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతిలో ఓడకిచ్చే గుర్తింపు సంఖ్య, ఓడ మీదే రాసుంటుంది) మారదండి. 7 అంకెలుంటాయి. సరిగ్గా చదివామో లేదో కూడా చూసుకోవచ్చు. మొదటి 6 అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. ఆ మొత్తంలో చివరి అంకే నంబర్లో 7వ అంకె కావాలి. ఉదాహరణకి 9074729కి మొత్తం 139 వస్తుంది.

జవాబు: పొద్దున్న బీచ్ నుంచి తీస్తే ఎండ ఓడ వెనకుంటుంది, అంకెలు కనబడవు. సాయంత్రం తీయమనండి. నేవీ ఓడల వైపు మాత్రం కెమెరా తిప్పొద్దు.

ప్రశ్న అడిగినవారు: దొరికిందండీ! మొదటి ఏడాది నేను తీసిన ఓడే. పొగగొట్టం రంగు మార్చేశారు, అంతే. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడుతున్నాను.