సీసాలో సగ్గుబియ్యమా, నానపూసలా?

గుంపులో తెలిసినవాళ్లకు ఒక ప్రశ్న. మాది అనంతపురం. హాల్లో గాజు సీసాల్లో మనీప్లాంట్, సింగోనియం పెంచుతున్నా, మట్టి లేకుండా జెల్ బాల్స్‌లో. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత ఉంటాయి, రాత్రి నీళ్లలో వేస్తే తెల్లారేసరికి ఉబ్బి బఠాణీ కన్నా లావవుతాయి. మొదటిసారి తెలియక ప్యాకెట్టంతా ఒకేసారి వేసేసి, బకెట్టు చాలక వంటింట్లో గిన్నెలన్నీ దించాల్సి వచ్చింది, ఆ గొడవ మళ్లీ ఎప్పుడైనా చెప్తా. ఇప్పుడు అడిగేదేమంటే వీటికి తెలుగులో ఒక మంచి మాట కావాలి. మా అవ్వ చూసి "ఏందే, సగ్గుబియ్యంలో చెట్టు నాటినావు" అనింది. మా మేనల్లుడు గోలీలంటాడు. ఎక్కడో "నీటిని పీల్చుకునే ముత్యాలు" అని చదివాను, అది నగల అంగడి ప్రకటన మాదిరి ఉంది.

జవాబు, కడప నుంచి:
అక్కా, బ్రౌన్ దొర ఉద్యోగం చేసిన ఊరు మాది, మాట దొరికితే వదిలిపెట్టం. ముందు ఆ "పీల్చుకునే" తీసేయండి. గుడ్డ నీళ్లు పీల్చుకుంటుంది, నేల ఇంకించుకుంటుంది, వంకాయ నూనె తాగుతుంది, శనగలు మాత్రం నానుతాయి. నాలుగూ ఒకటే అనుకుంటాం గానీ కాదు. గుడ్డ పీల్చిన నీళ్లు పిండితే కారిపోతాయి, నానిన శనగను ఎంత నొక్కినా బద్దలవుతుందే తప్ప నీళ్లు బయటికి రావు, ఎందుకంటే నీళ్లు గింజలో ఒక భాగమైపోయినాయి. మీ జెల్ గుండ్లు కూడా నొక్కితే చిట్లుతాయి గానీ కారవు కదా? అయితే అవి నానినట్టే. నానబియ్యం అనే మాట మనకు ముందునుంచీ ఉంది, అదే దారిలో "నానపూసలు" అంటే పోలా? నోట్లో నువ్వుగింజ నానదు అంటాం చూడండి, అక్కడ కూడా నానడమంటే లోపల నిలిచి ఉండడమే.

జవాబు, కర్నూలు నుంచి:
నానపూసలు బాగుంది. సగ్గుబియ్యం, జెల్లీ, ముత్యాల మిఠాయి లాంటి పేర్లు మాత్రం దయచేసి వద్దు. ఇది భాష గొడవ కాదు. చిన్నపిల్లలు పొరపాటున మింగితే పొట్టలోని తడికి అక్కడే ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి, ఆపరేషన్ చేసి తీయాల్సి రావచ్చు. చూడ్డానికే మిఠాయిలా ఉండేదానికి తినేదాని పేరు పెట్టి ఇంట్లో తిరిగే పిల్లల ముందు పిలవడమెందుకు? పూస అంటే కనీసం మెడలో వేసుకునేదని పిల్లలకు తెలుసు.

జవాబు, ఆదోని నుంచి:
మా నాయన సేద్యగాడు, ఆయన ఈ మాట వింటే ఇంకోటి అడుగుతాడు. గుండు పేరు సరే, అది మొక్కకు ఇచ్చేదాని పేరేంది? దానికి మనకు ముందే మాట ఉంది, పదును. వాన పడినాక గొర్రు కట్టాలంటే ముందు పదునైందా లేదా అని చూస్తాం, బురదైనా విత్తరు, పొడైనా విత్తరు. తేమ, చెమ్మ అంటే గోడకు కూడా ఉంటుంది, పదును మాత్రం విత్తనానికి సరిపడేది. కత్తి పదును కూడా ఇదే మాట, తగినంత అనే అర్థమే రెండిట్లోనూ ఉందని నాకనిపిస్తుంది. ఇంకో సంగతి, మా నల్లరేగడి కూడా మీ పూసల జాతే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పొలాల కోసం ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు ఇట్లాంటిదే ఒకటి చేశారు, అది గోలీల్లా ఉండదు, సన్న పలుకులు, మట్టిలో కలుపుతారు. దాని పేరు పూసా హైడ్రోజెల్. మన పూసకూ దానికీ సంబంధం లేదు, 1905లో ఆ సంస్థ పెట్టిన బీహారు ఊరి పేరు పూసా. కానీ కలిసొచ్చింది!

అడిగినదాన్ని మళ్లీ నేనే:
అందరికీ థాంక్స్. నానపూసలు ఖాయం, అంతే. కానీ కడప అన్నా, నానడం నీళ్లను బట్టి కూడా ఉంటుంది. మా బోరు నీళ్లలో వేస్తే సగమే ఉబ్బాయి, ప్యాకెట్టు మోసమనుకొని అంగడాయనతో గొడవపడబోయాను. నీళ్లలో ఉప్పులు, ముఖ్యంగా కాల్షియం ఎక్కువుంటే పూస లోపలి దారాలు విచ్చుకోకుండా పట్టేసుకుంటాయంట. ఫిల్టర్ నీళ్లలో వేస్తే పూర్తిగా ఉబ్బాయి. మా కందిపప్పు కూడా ఆ బోరు నీళ్లలో సరిగా ఉడకదు, అప్పుడే అనుమానం రావాల్సింది.

పెంచాలనుకునేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా: వేళ్లకు మట్టి చుక్క లేకుండా కడగండి, లేకపోతే కుళ్లు వాసన వస్తుంది. సీసా అడుగున నీళ్లు నిలవనివ్వకండి, పూసల మధ్య సందుల్లో గాలి ఆడాలి. ఎండ తగిలితే పాచి పడుతుంది. పూసల్లో సత్తువ ఏమీ ఉండదు, నీళ్లలో కరిగే ఎరువు బాగా పలచగా కలిపి అప్పుడప్పుడు పోయాలి, ఎక్కువైతే ఆ ఉప్పుకే పూసలు ముడుచుకుంటాయి. సీసాలు పిల్లలకు అందని అలమరలోకి మార్చాను, కర్నూలు అక్క చెప్పింది చదివిన గంటలోనే.

పదును సంగతి మా అవ్వకు చదివి వినిపించలేదు. ఊరికే ఒక సీసా చేతికిచ్చి, దీనికి నీళ్లు పోయాలా అవ్వా అని అడిగినా. ఒక పూస తీసి వేళ్ల మధ్య మెత్తగా నొక్కి చూసి, "ఈరోజుకొద్దు, సగ్గుబియ్యంలో ఇంకా పదునుంది" అనింది.