యుద్ధానికి కూడా రూల్స్ ఉంటాయా? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి

సోషల్_టీచర్:
జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. నిన్న ఒక అమ్మాయి లేచి, "చంపుకోవడానికే కదా సార్ యుద్ధం, మళ్లీ దానికి రూల్సేంటి?" అని అడిగింది. 1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగున్నాయని, మామూలు జనం మీద దాడి చేయకూడదని, లొంగిపోయినవాణ్ని కొట్టకూడదని చెప్పాను. పాఠం అప్పజెప్పినట్టుందని నాకే అనిపించింది. మీలో ఎవరి అనుభవంలోకైనా వచ్చి ఉంటే రాయండి, క్లాసులో చదివి వినిపిస్తాను.

సుమీ_మెడికో:
సార్, మాది నల్గొండ. 2022లో ఉక్రెయిన్‌లోని సుమీలో ఎంబీబీఎస్ చదువుతున్నా. సైరన్ మోగితే హాస్టల్ బంకర్‌లోకి పరుగు. కరెంటు పోయింది, నల్లా బంద్ అయింది. బకెట్లలో మంచు నింపి కరిగించి తాగినం. పైకి తేటగా ఉన్నా అడుగున నల్లటి నలుసులు ఉండేవి. నా చున్నీ మడిచి వడకట్టేవాళ్లం.
మార్చి 7న బస్సులెక్కించి మళ్లీ దించేశారు. కాల్పుల విరమణ కుదరలేదు, దారి భద్రంగా లేదన్నారు. సీట్లో పెట్టిన బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకుని గదికి పోవడం నేను మర్చిపోలేను. మర్నాడు దారి వదిలారు. 694 మంది మన విద్యార్థులం పోల్టావా చేరినం.

లా_విద్యార్థి:
చెల్లీ, చదువుతుంటే గుండె బరువెక్కింది.
సార్, ఒక్క సవరణ. సామాన్యులు చనిపోయిన ప్రతి దాడీ నేరం అయిపోదు. వాళ్లనే గురిపెడితే మాత్రం నేరమే. సైనిక స్థావరాన్ని కొట్టినా, దానివల్ల వచ్చే లాభంతో పోలిస్తే జనానికి జరిగే నష్టం మితిమీరుతుందని ముందే తెలిస్తే కొట్టకూడదు. వీలున్నంతవరకు ముందుగా హెచ్చరించాలి. జనం ఇళ్ల మధ్య ఫిరంగులు పెట్టకుండా చూసుకునే బాధ్యత రెండోవైపు కూడా ఉంది. వాళ్లు ఆ పని చేశారని ఆ ఇళ్లలోని పిల్లలు లక్ష్యాలైపోరు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.
యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. న్యాయం ఎవరి పక్షాన ఉన్నా ఇవే నియమాలు. జెనీవా ఒప్పందాలకు 1977లో జోడించిన అదనపు ప్రోటోకాళ్లలో (అనుబంధ ఒప్పందాల్లో) మన దేశం చేరలేదు కానీ, సైనికుణ్ని, సామాన్యుణ్ని వేరుగా చూడాలన్నది ఆనవాయితీగా వచ్చిన చట్టం, అందరికీ వర్తిస్తుంది.

జవాను_కొడుకు:
మాది పశ్చిమ గోదావరి, మిలిటరీ మాధవరం దగ్గర పల్లె. 1971 యుద్ధం తర్వాత దాదాపు 93 వేల మంది పాకిస్తాన్ ఖైదీలు మన దగ్గర ఉన్నారు. ఆఖరివాళ్లు వెళ్లేసరికి 1974 ఏప్రిల్ వచ్చింది. నాన్నగారు ఒక క్యాంపులో కాపలా డ్యూటీ చేశారు. ఖైదీలకు నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కుంది. కార్డులు పంచే రోజు క్యాంపు మొత్తం చప్పుడు లేకుండా అయిపోయేదని చెప్పేవారు. ఒకతను చిన్న పెన్సిల్ ముక్కతో రాస్తూ, చివర్లో జాగా చాలక అంచు చుట్టూ తిప్పి రాశాడట. అది చెప్పినప్పుడల్లా నాన్నగారి గొంతు మారేది.
2019లో మన పైలట్ పాకిస్తాన్‌లో పట్టుబడ్డ వీడియో నేను గ్రూపులో పెట్టబోతుంటే ఫోన్ లాక్కున్నారు. "ఖైదీని జనానికి చూపించకూడదురా, ఎవడైనా సరే" అన్నారు. అది యుద్ధ ఖైదీల గురించిన మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణంలో ఉందని నాకు తర్వాత తెలిసింది.

వరంగల్_డాక్టర్:
నాదొక తప్పు చెప్తాను. చాలా ఏళ్లు నా కారు అద్దం మీద ఎర్ర క్రాస్ స్టిక్కర్ ఉండేది. డాక్టర్ల గుర్తే అనుకున్నాను. అది సైన్యంలోని వైద్య విభాగానిది, రెడ్ క్రాస్‌ది. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. యుద్ధభూమిలో ఆ గుర్తు చూసి కాల్చకుండా ఆగాలి. ప్రతి కారు మీదా, ప్రతి మెడికల్ షాపు మీదా కనిపిస్తే దాని విలువ ఏం మిగులుతుంది? బ్లేడుతో గీకేశాను. జిగురు మరక ఇంకా పోలేదు. సార్, మీ స్కూలు ఫస్ట్ ఎయిడ్ పెట్టె మీద ఏ గుర్తుందో చూడండి. ఆకుపచ్చ మీద తెల్ల క్రాస్ ఉండాలి.

సోషల్_టీచర్:
చూశాను డాక్టర్ గారూ, ఎర్రదే ఉంది. పిల్లల చేతే మార్పిస్తాను. సుమీ అమ్మాయీ, రేపు మూడో పీరియడ్‌లో చున్నీ సంగతి చదవొచ్చా తల్లీ?

సుమీ_మెడికో:
చదవండి సార్. బస్సు దించేసిన రోజు సంగతి కూడా చదవండి, వదిలేయకండి.