‘పాలుపుచ్చుకొనుట’లో పాలు ఏ పాలు?

చర్చిలో ‘బల్ల తీసుకున్నాం’ అంటారే, బల్లని తీసుకోవడమేంటని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. అక్కడ బల్ల అంటే దాని మీదుండే రొట్టె, ద్రాక్షరసం, క్రీస్తు మరణాన్ని తలచుకుంటూ అందరం పంచుకునేవి. ‘ఊరంతా నిద్రపోయింది’ అన్నట్టే. బాప్టిస్టులైన మా ఇంట్లో ‘బల్ల’ అనే అంటాం. కేథలిక్కులు ‘దివ్య సత్ప్రసాదం’ అంటారు, ‘సంస్కారం’ అనేవాళ్లూ ఉన్నారు.

నన్ను పట్టుకున్న మాట మాత్రం వేరే. బైబిల్లో, కొరింథు ఊరి క్రైస్తవులకి పౌలు రాసిన ఉత్తరం మొదటి కొరింథీ 10:16లో, ‘మనము విరిచే రొట్టె తినుట క్రీస్తు శరీరములో పాలుపుచ్చుకొనుటయేగదా?’ అని ఉంటుంది. గ్రీకులో అక్కడున్నది ‘కొయినోనియా’. అపొస్తలుల కార్యములు 2:42లో అదే మాటకి ‘సహవాసము’ అని రాశారు. ఇక్కడ ‘పాలు’ అన్నారు, అంటే వాటా. మా బొబ్బిలి వైపు దాయాదుల్ని పాలోళ్లంటాం. పాలోళ్లకి ఆస్తిలో వాటా ఒక్కటే కాదు, ఒకరింట్లో చావైతే మైల అందరికీ. ఒకరి మరణంలో అందరికీ పాలుండడం మనకి కొత్త కాదు. అందుకే ఈ అనువాదం నాకు ప్రాణం.

రొట్టె, ద్రాక్షరసం నిజంగానే క్రీస్తు శరీరం, రక్తం అవుతాయని కేథలిక్కుల విశ్వాసం. ‘నన్ను జ్ఞాపకము చేసికొనుటకై’ అన్న మాట మీద బాప్టిస్టులు నిలబడతారు. ఆ తేడా చిన్నది కాదు. కానీ కొరింథులో పౌలుకి కోపం తెప్పించింది ఇంకోటి. ఈ బల్ల కోసం కూడినప్పుడు కొందరు ముందే కడుపునిండా తిని తాగేస్తే, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. అందుకే 11:33లో ‘ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి’ అన్నాడు. ఇప్పుడు కనిపెట్టడం అంటే సైన్సే గుర్తొస్తుంది గానీ, ఇక్కడ అర్థం ఎదురుచూడ్డం.

నెల మొదటి ఆదివారం మా మామ్మ రొట్టె ముక్క అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చునేది. పళ్లెం వెనక చంటిపిల్లల తల్లులదాకా వెళ్లేసరికి చెమటకి ముక్క మెత్తబడిపోయేది. ‘తినెయ్ మామ్మా’ అంటే ‘అందరికీ అందనీరా’ అనేది.

పాలకొండ, పార్వతీపురం వైపు వాళ్లు చెప్పండి, మీ ఇళ్లలో ‘పాలోళ్లు’ ఇంకా వినిపిస్తోందా? బల్లకి మీరేమంటారు?